కొండ, కోన, చెరువు: తిరుపతి, చిత్తూరు వైపు ప్రకృతి ఫొటోలు తీసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా కెమెరా పట్టినవారి ప్రశ్నలు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకటే. 'ఏ లెన్స్ కొనాలి' దగ్గర మొదలై 'ఎప్పుడు వెళితే చిరుత కనిపిస్తుంది' దగ్గర ఆగుతాయి. మొదటిదానికి జవాబు ఉంది, రెండోదానికి లేదు. ఈ రెంటి నడుమ అడగవలసినవి ఉండి కూడా ఎవరూ అడగని ప్రశ్నలు కొన్ని నేనే చేర్చాను.

సన్నాహం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంటికి దగ్గరలో ఉన్న చెరువు దగ్గర. శేషాచలం కొండలు, పులికాట్ సరస్సు ఎక్కడికీ పోవు. చిత్తూరు వైపు ఊరికో చెరువు ఉంటుంది. మీకు దగ్గరిది ఎంచుకుని మొదటి కొన్నాళ్లు కెమెరా ఇంట్లోనే వదిలి వెళ్లండి. పొద్దు ఏ గట్టు మీదుగా పొడుస్తుంది, గేదెలు ఎప్పుడు నీళ్లలోకి దిగుతాయి, వాటి వెంట కొంగలు ఏ వైపు చేరతాయి, మోటారు వేసినప్పుడు కాలువ దగ్గరకు ఏ పిట్టలు వస్తాయి, ఇవన్నీ చూసి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.

ఒక్క లకుముకి పిట్టను తీసుకోండి. అది చెరువంతా తిరిగినట్టే ఉంటుంది గానీ, కూర్చునే కొమ్మలు కొన్నే. ఆ కొమ్మ కింద ఆకుల మీద, రాళ్ల మీద తెల్లటి రెట్ట మరకలు కనిపిస్తాయి. చేపను పట్టాక చాలాసార్లు అదే కొమ్మకు తిరిగి వచ్చి, దాన్ని కొమ్మకేసి బాది, తలవైపు నుంచి మింగుతుంది. ఈ సంగతి తెలియనివాడు పిట్ట వెనక గట్టంతా పరుగెత్తుతాడు. తెలిసినవాడు తెల్లవారకముందే ఆ కొమ్మకు ఎదురుగా, ఎండ తన వీపున పడేలా, తుమ్మచెట్టు నీడలో కూర్చుని ఉంటాడు. ఇద్దరి చేతిలోనూ ఒకే కెమెరా ఉండవచ్చు.

ఏ నెలలో ఏమి తీయవచ్చు?

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ప్రకృతి క్యాలెండరంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. వానలు పడ్డాక కపిలతీర్థం జలపాతం దూకుతుంది, చెరువులు నిండుతాయి, పొదల మీద సీతాకోకచిలుకలు ముసురుతాయి. అదే కాలంలో పులికాట్‌కు ఫ్లెమింగోలు, నేలపట్టు పక్షుల కేంద్రానికి గూడబాతులు (పెలికాన్లు) చేరతాయి. జనవరి, ఫిబ్రవరిలో పొద్దుటి మంచు, నీటిపక్షులు.

ఫిబ్రవరి, మార్చి నెలలను చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే అదే మంచి కాలం. బూరుగ, మోదుగ చెట్లు ఆకులు రాల్చి పూలతో నిలబడతాయి. గోరింకలు, చిలుకలు, తేనెపిట్టలు ఒకే చెట్టు మీదికి వస్తాయి, దాచడానికి ఆకే ఉండదు. పూచిన బూరుగ చెట్టు ఒకటి దొరికితే అడవికి వెళ్లే పనే లేదు, ఊరి పొలిమేరలోనే వారం గడిచిపోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అప్పుడు జంతువులన్నీ మిగిలిన కాసిన్ని నీళ్ల చుట్టూనే ఉంటాయి కాబట్టి ఫొటోలు సులువే. ఆ సులువును వాడుకోకండి. ఆ మడుగు దగ్గర మీరు కూర్చున్నంతసేపూ దాహంతో ఉన్న ఏదో ఒకటి పొదలోనే ఆగిపోతుంది.

ఏ లెన్స్ కొనాలి?

పక్షులకైతే 400 మి.మీ. దాకా వెళ్లే జూమ్ ఉంటే చాలా పనులు నడుస్తాయి. 150-600 జూమ్‌లు బరువే గానీ, నేలపట్టు వంటి చోట ఆ అదనపు పొడవు అక్కరకొస్తుంది. చిన్న సెన్సర్ కెమెరాలో 300 మి.మీ. లెన్స్ కూడా దాదాపు 450 మి.మీ. లెన్స్ చూపినంత దృశ్యాన్నే చూపిస్తుంది. అప్పు చేసి కొనకండి. చెన్నై, బెంగళూరు రెండూ మనకు దగ్గరే, అక్కడ లెన్సులు అద్దెకు దొరుకుతాయి. రెండు మూడు రోజులు మోసి చూస్తే మీ భుజమే జవాబు చెబుతుంది.

లెన్స్ కన్నా ముందు కొనవలసినది ఒక జత మంచి బూట్లు, ఒక బైనాక్యులర్. ఇక లెన్స్ ఆనించుకునే బీన్ బ్యాగ్‌కు డబ్బు పెట్టకండి. మందపాటి గుడ్డతో సంచి కుట్టించుకుని, వెళ్లిన చోట కిలోన్నర ఉలవలో రాగులో కొని నింపితే కారు కిటికీ మీద లెన్స్ కదలకుండా కూర్చుంటుంది. పని అయ్యాక ఆ ఉలవలు చారుకు పనికొస్తాయి.

నా దగ్గర ఫోను మాత్రమే ఉంది. కుదురుతుందా?

కుదురుతుంది, పక్షులకు మాత్రం కాదు. పొద్దుటి వెలుగు, వాన మేఘాలు, రాళ్లు, బెరడు, తలకోనలో చెట్లను చుట్టుకుని పాకే గిల్లతీగ, సాలెగూడు మీద మంచు, ఇవన్నీ ఫోనుకు దొరుకుతాయి. జూమ్ చేయకుండా నడిచి దగ్గరకు వెళ్లండి.

నేలపట్టుకు ఎలా సిద్ధం కావాలి?

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన తర్వాత నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఊరు దొరవారిసత్రం మండలంలో ఉంది. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళ్లాలి. నీళ్లలో నిలబడి పెరిగే చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు, స్వాతికొంగలు గూళ్లు కడతాయి. పక్షుల రెట్టతో సారవంతమైన చెరువు నీరు పొలాలకు పారుతుంది కాబట్టి ఊరివాళ్లు ఈ పక్షులను మొదటినుంచీ తమవిగానే చూసుకున్నారు. అక్కడ మీరు అతిథి అన్న సంగతి గుర్తుంచుకుంటే చాలు.

గేటు తెరిచే వేళ, కెమెరాకు వేరే రుసుము ఉందా లేదా అన్నది ముందే కనుక్కోండి. కట్ట మీద నుంచి, చూడటానికి కట్టిన టవర్ల మీద నుంచి మాత్రమే తీయండి. గూటి మీది గూడబాతును కాసేపు గమనిస్తే ఎందుకో తెలుస్తుంది. పొద్దెక్కే కొద్దీ అది ఎండకు అడ్డంగా తిరిగి, రెక్కలు కొద్దిగా విప్పి, పిల్లల మీద నీడ పడేలా నిలబడుతుంది. గొంతు కింది సంచి వణుకుతూ ఉంటుంది, ఒంటి వేడి తగ్గించుకునే పద్ధతి అది. మీ అలికిడికి ఆ తల్లి లేచిపోతే, ఈకలు రాని పిల్ల ఎండలో మిగిలిపోతుంది. కాకి గానీ గద్ద గానీ గుడ్డును ఎత్తుకుపోవడానికి కొద్ది నిమిషాలు చాలు.

పులికాట్‌లో ఫ్లెమింగోలు ఎప్పుడూ చుక్కల్లాగే వస్తున్నాయి. ఏమి చేయాలి?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది. కొన్ని రోజులు పక్షులు రోడ్డుకు దగ్గరగా, కొన్ని రోజులు కనుచూపు మేరలో చారలాగా ఉంటాయి. నీటి లోతును బట్టి అవి జరుగుతాయి. బురదలోకి దిగి దగ్గరకు వెళ్లాలని చూడకండి. మీరు రెండడుగులు వేస్తే అవి నాలుగడుగులు జరుగుతాయి, పైగా ఆ బురద మోకాళ్ల దాకా లాగుతుంది.

దూరం కన్నా పెద్ద చిక్కు వేడి గాలి. ఉదయం తొమ్మిది దాటాక బురద నేల మీద గాలి అలలుగా కదులుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా పక్షి అంచులు కరిగిపోయినట్టు వస్తాయి. ఫోకస్ తప్పిందని కెమెరాను తిట్టుకునేవారు చాలామంది. అది కెమెరా తప్పు కాదు. పొద్దు పొడిచే వేళకు అక్కడ ఉండండి, ఎండ ముదిరాక సంచి సర్దేయండి.

ఇప్పుడు అసలు కిటుకు. ఫ్లెమింగో బరువైన పక్షి. నిలబడిన చోటు నుంచి నేరుగా లేవలేదు, నీటి మీద కొన్ని అడుగులు పరుగెత్తి గాలికి ఎదురుగా లేస్తుంది. దిగేటప్పుడూ గాలికి ఎదురుగానే దిగుతుంది. అంటే గాలి మీ వీపు వైపు నుంచి వీస్తుంటే పక్షులు మీ వైపుకు ముఖం పెట్టి లేస్తాయి. ఎదురు నుంచి వీస్తుంటే మీకు తోకలు, కాళ్లు మిగులుతాయి. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్యం గాలి ఉన్న ఉదయాల్లో తూర్పుకు వీపు పెట్టి నిలబడితే ఎండా, గాలీ రెండూ మీ పక్షానే ఉంటాయి. సాయంత్రం పడమటి ఎండ బాగుంటుంది గానీ సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఎగిరే పక్షులను వదిలి, తల కిందులుగా నీళ్లలో ముంచి మేస్తున్నవాటి మీద దృష్టి పెట్టండి.

ఆ దారి చివర రాకెట్ కేంద్రం ఉంది. ఆ వైపు కెమెరా ఎత్తకండి, భద్రతా సిబ్బంది ఆపితే వాదించకండి.

సెట్టింగులు చెప్పండి.

ఎగిరే పెద్ద పక్షికి సెకనులో 1,600వ వంతు, లకుముకి వంటి చురుకైన పిట్టకు 3,200వ వంతు షట్టర్ వేగం. కూర్చున్న పక్షికి 500వ వంతు చాలు. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే ద్వారం) ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య. ఐ.ఎస్.ఓ. (వెలుగుకు కెమెరా సున్నితత్వం) పెరిగి ఫొటో గరుకవుతుందని భయపడి షట్టర్ వేగం తగ్గించకండి. గరుకుదనాన్ని తర్వాత సరిచేయవచ్చు, కదిలిపోయిన ఫొటోను ఏమీ చేయలేం.

నల్లటి నీటి ముందు తెల్లకొంగ ఉంటే కెమెరా ఆ నలుపును చూసి వెలుగు పెంచుతుంది, కొంగ ఈకలన్నీ తెల్ల కాగితమైపోతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు దాకా తగ్గించాలి. తెల్లటి ఆకాశం ముందు డేగ ఎగురుతుంటే అందుకు వ్యతిరేకం, ఒక మెట్టు పెంచాలి. ఈ రెండూ చేతికి అలవాటైతే మిగతావి వాటంతటవే వస్తాయి. కెమెరా పట్టిన వివరమంతా ఉంచే రా ఫార్మాట్‌లో తీయండి.

ఎంత దగ్గరకు వెళ్లవచ్చు?

అడుగుల లెక్క లేదు, పక్షే చెబుతుంది. మేత ఆపి మెడ ఎత్తిందంటే మిమ్మల్ని చూసింది. మందలో తలలన్నీ ఒకే వైపు తిరిగాయంటే ఇక కదలకండి. ఒళ్లు బిగించి, కాస్త వంగి, రెట్ట వేసిందంటే లేవబోతోంది. అది మళ్లీ మేత మొదలుపెట్టేదాకా ఉన్నచోటే కూర్చోండి, లేదా వెనక్కి జరగండి. నేరుగా నడిచి వెళ్లే మనిషిని చూసి అవి బెదరుతాయి. వంకరగా, ఆగి ఆగి, చూపు పక్కకు తిప్పి జరిగే మనిషిని చాలావరకు సహిస్తాయి. గేదెల కాపరి పక్కనుంచే పోయినా కొంగలు లేవకపోవడం గమనించే ఉంటారు. కారు కూడా మంచి మాటు. ఇంజన్ ఆపి, తలుపు తీయకుండా, కిటికీలోంచి తీస్తే రోడ్డు పక్క పాలపిట్ట కదలదు.

ఫోనులో కూత వినిపించి పిట్టను రప్పించవచ్చా? గూటి ఫొటోలు?

రెండూ వద్దు. కూత వినిపిస్తే తన చోటులోకి మరో మగపిట్ట చొరబడిందని అది మేత, గూడు, పిల్లలను వదిలి కొట్లాటకు వస్తుంది. మీకు ఫొటో, దానికి వృథా ప్రయాస. గూటి ముందున్న కొమ్మలు నరికి వెలుగు తెచ్చేవారున్నారు. ఆ కొమ్మలే దాని తలుపు. చాలా పోటీలు, పక్షి ప్రేమికుల వేదికలు గూటి ఫొటోలను తీసుకోవు, మంచి పని. ఎర వేసి గద్దలను రప్పించడమూ ఇదే కోవలోది. కోతులకు అరటిపండు చూపించి ఫొటో తీయడం గురించి రాయాలంటేనే విసుగు. ఘాట్ రోడ్డులో అవి బండ్ల మీద పడటానికి మూలం అదే.

శేషాచలం అడవిలోకి వెళ్లాలంటే అనుమతి కావాలా?

తప్పకుండా. 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో ఈ కొండల విస్తారమైన ప్రాంతాన్ని శేషాచలం జీవావరణ పరిరక్షణ కేంద్రంగా గుర్తించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యాల్లో ఫొటోగ్రఫీకి అటవీశాఖ అనుమతి ఇవ్వాలి. పర్యాటకులకు తెరిచిన చోట్ల గేటు దగ్గరి టికెట్టుతో సరిపోతుంది. వాటిని దాటి వెళ్లాలంటే దరఖాస్తు రాసుకోవలసిందే, అటవీ సిబ్బంది తోడు ఉండవలసిందే.

మన అడవికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఇది ఎర్రచందనం అడవి. దొంగరవాణాను పట్టడానికి టాస్క్‌ఫోర్స్ రాత్రింబవళ్లు తిరుగుతుంది. పెద్ద సంచి, టార్చిలైటు, చేతిలో కాగితం లేని మనిషి తెల్లవారుజామున అడవిలో దొరికితే వాళ్లు ఏమనుకోవాలి? 'పిట్టల ఫొటోల కోసం వచ్చాను' అన్న మాటను అక్కడ ఎవరూ వెంటనే నమ్మరు.

అనుమతి దొరక్కపోతే దిగులు పడకండి. చంద్రగిరి దగ్గర కల్యాణి డ్యాం పరిసరాలు, తలకోనలో సందర్శకులు తిరిగే దారి, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ చాలు. హార్స్‌లీ హిల్స్ బండల మీద దక్షిణ భారతంలో మాత్రమే కనిపించే పసుపు గొంతు పికిలిపిట్ట ఉంటుంది. దాని కోసం దూరప్రాంతాల నుంచి మనుషులు వస్తారు. మనవాళ్లు దాని పక్కనే నిలబడి సెల్ఫీ తీసుకుని దిగిపోతారు.

చిరుత ఎక్కడ కనిపిస్తుంది?

ఈ ప్రశ్నకు చోటు పేరు చెప్పను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారి చిరుత దాడిలో చనిపోయింది. ఆ దారిలో చిరుత కనిపించడం ఫొటో అవకాశం కాదు. కనిపిస్తే పరుగెత్తకండి, వంగకండి, పిల్లలను ఎత్తుకుని, గట్టిగా మాట్లాడుతూ వెనక్కి నడిచి సిబ్బందికి చెప్పండి. దాన్ని వెతుక్కుంటూ రాత్రి ఘాట్ రోడ్డులో బండి ఆపేవారు తమకే కాదు, మెట్లెక్కే భక్తులకూ ముప్పు తెస్తున్నారు.

బంగారు బల్లిని, దేవాంగపిల్లిని (స్లెండర్ లోరిస్) తీయాలని ఉంది.

బంగారు బల్లి చీకటి జీవి. తేమ ఉన్న రాతి పగుళ్లలో, జలపాతాల పక్కన ఉంటుంది. ఎన్నో బల్లులు ఒకే బండ మీద గుడ్లు అంటిస్తాయి. గుండ్రటి తెల్లని గుడ్లు గుంపుగా బండకు అతుక్కుని కనిపిస్తే చేయి పెట్టకండి, ఊడదీస్తే అవి పగిలిపోతాయి. రాళ్లు కదిలించి వెతకకండి. అనుమతి ఉండి, అటవీ సిబ్బందితో వెళ్లినప్పుడు చిన్న టార్చి వెలుగును పక్కనుంచి పడనిస్తే చర్మం మీది గరుకంతా తెలుస్తుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే బల్లి పసుపు ముద్దలా వస్తుంది.

దేవాంగపిల్లి విషయంలో ఇంకా జాగ్రత్త. ముఖమంతా కళ్లే ఉన్న ఆ చిన్న ప్రాణి మీద ఫ్లాష్ వేయనే కూడదు. మూఢనమ్మకాల వల్ల దాన్ని పట్టేవారు, అమ్మేవారు ఉన్నారు కాబట్టి ఎక్కడ చూశారో ఎవరికీ చెప్పకండి. ఫొటో పెట్టేముందు అందులోని లొకేషన్ వివరం తీసేయండి.

తలకోన జలపాతం పాలనురగలా రావాలంటే?

ట్రైపాడ్, వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్, అర సెకను నుంచి ఒక సెకను షట్టర్. తడి బండ మీది మెరుపు తగ్గించడానికి పోలరైజర్ ఫిల్టర్. మబ్బు పట్టిన రోజు, లేదా కోనలోకి ఎండ దిగకముందు వెళ్లండి. సుమారు 270 అడుగుల జలపాతం అది, మొత్తం ఒక్క ఫొటోలో ఇరికించాలని చూడకండి. వారాంతంలో జనం ఎక్కువ. పాకుడు బండల మీద ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు జారుతూనే ఉంటారు.

కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులు?

పలమనేరు, కుప్పం వైపు అడవుల్లో ఏనుగులున్నాయి. కాలినడకన ఆ ఫొటోకు వెళ్లవద్దు. రాత్రి పొలాల్లోకి దిగిన ఏనుగులను రైతులు, ట్రాకర్లు తరుముతున్నప్పుడు కెమెరాతో ఎదురు వెళ్లేవారిని చూస్తే నాకు కోపమే వస్తుంది. అక్కడ ఒక కుటుంబం ఏడాది పంట పోతోంది. ఆ కథ చెప్పాలనుకుంటే పొద్దున వెళ్లి, రైతును అడిగి, తొక్కిన అరటితోటను, విరిగిన కంచెను తీయండి. ఏనుగు ఫొటో కన్నా అది ఎక్కువ చెబుతుంది.

డ్రోన్?

తిరుమలలో నిషేధం. రక్షిత అడవుల్లో, శ్రీహరికోట చుట్టుపక్కల అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు. నీటిపక్షుల మంద మీదుగా ఎగరేస్తే మంద మొత్తం లేస్తుంది. ఇంట్లో పెట్టి రండి.

ఒంటి మీద, సంచిలో ఏముండాలి?

మట్టిరంగు, ఆకుపచ్చ బట్టలు, నిండు చేతులు, చీలమండ దాటే బూట్లు. రక్తపింజరి ఎండుటాకుల్లో కలిసిపోతుంది, అడుగు ఎక్కడ వేస్తున్నారో చూడకుండా కెమెరా తెర చూస్తూ నడవకండి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం, నాటు మందు ఏవీ వద్దు. కాలు కదపకుండా 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి. సెంటు పూసుకోకండి. గడ్డిలో కూర్చుని వస్తే ఇంటికెళ్లాక పిడుదుల కోసం ఒళ్లంతా చూసుకోండి. తినడానికి పులిహోర పొట్లం మంచిదే, కానీ కోతులు లేని చోట విప్పండి. ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. కోనల్లో సిగ్నల్ ఉండదు.

తేమ, ఉప్పుగాలి నుంచి కెమెరాను ఎలా కాపాడుకోవాలి?

సూళ్లూరుపేట లాడ్జిలో ఏసీ గదిలోంచి నేరుగా బయటికొస్తే లెన్స్ అంతా ఆవిరి పడుతుంది. బయలుదేరడానికి గంట ముందే సంచిని మూసి ఉంచి ఏసీ లేని చోట పెట్టండి. తుడవడం కన్నా ఆగడం మేలు. పులికాట్ నుంచి వచ్చాక కొద్దిగా తడిపిన గుడ్డతో కెమెరా ఒంటిని, ట్రైపాడ్ కాళ్లను తుడిచి ఆరబెట్టండి, లేదంటే మరల్లో ఉప్పు చేరుతుంది. వానాకాలంలో సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో దాచండి. లెన్స్‌లో బూజు పట్టాక బాగుచేయించే ఖర్చుతో పాత లెన్స్ ఇంకొకటి వస్తుంది.

జూపార్కులో తీసిన ఫొటో ప్రకృతి ఫొటో అవుతుందా?

సాధనకు ఎస్వీ జూపార్కును మించిన చోటు తిరుపతిలో లేదు. 1987లో మొదలైన ఆ పార్కు చాలా విశాలమైనది. కంచె తీగను మాయం చేయడం నేర్చుకోండి. లెన్స్‌ను తీగకు ఆనించినంత దగ్గరగా పెట్టి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, జంతువు కంచెకు దూరంగా ఉన్నప్పుడు తీస్తే తీగ కరిగిపోతుంది. నెమలి మెడ మీద ఎండ ఏ కోణంలో పడితే నీలం వెలుగుతుందో, ఏ కోణంలో నల్లబడుతుందో అక్కడ తీరిగ్గా చూడవచ్చు. ఫొటో కింద మాత్రం 'జూపార్కులో తీసినది' అని రాయండి. ఆ మాట దాచి పోటీకి పంపితే చూసేవారు జంతువు గోళ్లను, వెనకున్న చెట్లను, నేల మీది సిమెంటును బట్టి కనిపెట్టేస్తారు.